హైదరాబాద్ ఫ్లాట్‌లో హస్కీ: అక్టోబరు నుంచి జూన్ దాకా ప్రాజెక్టు డైరీ

కుక్క: షెల్టర్ నుంచి దత్తత తెచ్చుకున్న సైబీరియన్ హస్కీ (మంచులో బండి లాగే జాతి), మగ. వయసు సుమారు 4 ఏళ్లు, పళ్ల అరుగుదల చూసి డాక్టర్ వేసిన అంచనా. షెల్టర్ వాళ్లు పెట్టిన పేరు రాకీ. ఎత్తు భుజం దగ్గర 57 సెం.మీ., బరువు 19.6 కిలోలు. ఆ ఎత్తుకు 23 కిలోలు ఉండాలి.

ఇల్లు: మూడో అంతస్తు, రెండు బెడ్‌రూములు, ఒక బాల్కనీ. ఇద్దరు పెద్దవాళ్లు. పసిపిల్లలు లేరు, పిల్లి లేదు.

హస్కీని అలిసేదాకా తిప్పుదామంటే ఎండ అడ్డం. ఎండ అని ఇంట్లోనే ఉంచితే సోఫా మిగలదు. ఈ ప్రాజెక్టు మొత్తం ఆ రెంటి మధ్య గంటలు సర్దడమే. అందుకే మొదలుపెట్టింది అక్టోబరులో. మార్చిలో తెచ్చుకుంటే కొత్త ఇల్లు అలవాటు కాకముందే 40 డిగ్రీలు నెత్తిన పడతాయి. ఇక్కడి చలికాలం నాలుగు నెలలు హస్కీకి దొరికే శిక్షణ కాలం. దాన్ని వదులుకోకూడదు.

అక్టోబరు రెండో వారం: షెల్టర్‌లో చూసుకున్నవి

మూడుసార్లు, మూడు వేర్వేరు వేళల్లో వెళ్లాలి. గదిలో రోజుకు 22 గంటలు ఉండే కుక్క గేటు తీయగానే గిరగిరా తిరుగుతుంది, మీద పడుతుంది, లీష్ (పట్టుకుని నడిపించే తాడు) కొరుకుతుంది. అది చూసి దాని స్వభావం తేల్చకూడదు. 30 నిమిషాలు నడిపించి, నీళ్లు పెట్టి, ఒక మూల కూర్చుని వాచీ చూడాలి. పావుగంటలో పడుకుంటే ఫ్లాట్‌లో ఇమిడే అవకాశం ఉంది. రాకీకి మొదటిసారి 22 నిమిషాలు పట్టింది, మూడోసారి 11.

ఇంకా చూసినవి: తింటుండగా రెండడుగుల దూరంలోంచి నడిస్తే బిగుసుకుంటుందా, చెవులు, పాదాలు ముట్టుకోనిస్తుందా, మెట్లు ఎక్కుతుందా, మోటారు సైకిల్ చప్పుడుకు ఏం చేస్తుంది. షెల్టర్ పిల్లి గోడ మీద కనిపించినప్పుడు మాత్రం రాకీ ఒళ్లంతా కర్రలా బిగిసింది. పిలిస్తే వినలేదు, చికెన్ ముక్క చూపినా చూడలేదు. హస్కీల్లో ఇది మామూలే. ఇంట్లో పిల్లి గానీ కోళ్లు గానీ ఉన్నవాళ్లు ఇక్కడే ఆగిపోవాలి. 'అలవాటు పడుతుందిలే' అనే మాట మీద పిల్లి ప్రాణం పెట్టకూడదు.

పాత యజమాని ఎందుకు వదిలేశాడో తప్పక అడగాలి. హస్కీలకు సాధారణంగా వచ్చే జవాబులు నాలుగు: పారిపోతోంది, ఊళ పెడుతోంది, వెంట్రుకలు, కరెంటు బిల్లు. రాకీ కాగితాల్లో మొదటి రెండూ ఉన్నాయి. దాచకుండా రాసిన కాగితం మంచి షెల్టర్‌కు గుర్తు.

అక్టోబరు చివరి వారం: తలుపులు, బాల్కనీ

కుక్క రాకముందే పూర్తి కావాల్సిన పని ఇదొక్కటే. మిగతావి తర్వాత కొనుక్కోవచ్చు.

మెయిన్ డోర్ లోపల రెండో గేటు. 25 మి.మీ. చదరపు ఇనుప గొట్టంతో ఫ్రేము, ఎత్తు 5 అడుగులు, లోపల నిలువు కడ్డీలు 3 అంగుళాల ఎడంతో. వెల్డర్ మధ్యలో అందానికి రెండు అడ్డ కడ్డీలు వేస్తానన్నాడు, వద్దన్నాం. అడ్డ కడ్డీ అంటే హస్కీకి నిచ్చెన. మెయిన్ డోర్‌కు, గేటుకు మధ్య 4.5 అడుగుల జాగా ఉంచాం. మనిషి సంచులతో సహా అందులో నిలబడి, ఒకటి మూశాకే రెండోది తీయాలి. మొదట 3 అడుగులే కొలిచి గుర్తు పెట్టాం. సరుకుల సంచి పట్టుకుని నిలబడితే వెనక తలుపు మూయడానికి చోటు లేకపోయింది, గుర్తు జరిపాం.

కిందికి నొక్కితే తెరుచుకునే రకం హ్యాండిల్ ఉన్న ప్రతి తలుపుకూ పైభాగాన గడియ. ఆ హ్యాండిల్‌ను పంజాతో నొక్కడం హస్కీకి వారంలో వస్తుంది.

బాల్కనీకి అప్పటికే పావురాల వల ఉంది. నైలాన్ వల పావురాలకు సరే, హస్కీ పళ్లకు కొన్ని నిమిషాల పని. రెయిలింగ్ మూడున్నర అడుగులు, నిలబడి దూకే కుక్కను ఆపడానికి అదీ చాలదు. 10 గేజ్ జీఐ వెల్డ్‌మెష్ (జింక్ పూత వేసిన ఇనుప జాలీ), 2 అంగుళాల గళ్లు, ఇనుప ఫ్రేములో బిగించి నేల నుంచి పైకప్పు దాకా వేయించాం. అపార్ట్‌మెంట్ డాబా మీద వదిలే ఆలోచన అసలే పెట్టుకోలేదు. మూడడుగుల పిట్టగోడ, అవతల ఆకాశం.

సంఘానికి ముందుగానే ఒక ఉత్తరం ఇచ్చాం. పెంపుడు కుక్కలు ఉండకూడదని నిబంధన పెట్టే అధికారం నివాసుల సంఘాలకు లేదని జంతు సంక్షేమ మండలి 2015 మార్గదర్శకాల్లో స్పష్టంగానే ఉంది. అయినా ఆ కాగితం జేబులో ఉంచుకుని, చేతిలో మాత్రం మామూలు ఉత్తరం పెట్టుకెళ్లడం మేలు. ఊళ పెట్టేది పక్క ఫ్లాట్ గోడకు ఆనుకునే కదా.

నవంబరు 2: రాక

ప్రయాణానికి 4 గంటల ముందు నుంచి తిండి లేదు. కారు ఎక్కించే ముందే రెండు లీష్‌లు తగిలించాం: ఒకటి మెడకు వేసే మార్టింగేల్ బెల్టుకు, ఒకటి ఛాతీ చుట్టూ వేసే పట్టీకి, అంటే హార్నెస్‌కు. కొత్త చోట మొదటి పది నిమిషాలే పారిపోయే నిమిషాలు. హస్కీ మెడ బొచ్చుతో లావుగా కనిపిస్తుంది గానీ తల దానికంటే పెద్దదేం కాదు, మామూలు బెల్టు వెనక్కి గుంజితే చెవుల మీదుగా జారిపోతుంది. మార్టింగేల్ గుంజినప్పుడు బిగుస్తుంది, పీక నొక్కేంత బిగవదు. పూర్తిగా బిగిసినప్పుడు రెండు వేళ్లు పట్టేలా సర్దాలి.

ఇంట్లోకి తీసుకెళ్లే ముందు కింద ఒకే చెట్టు దగ్గర 15 నిమిషాలు. మూత్రం పోశాకే లిఫ్ట్. ఆ రోజు స్నానం లేదు, చుట్టాలు లేరు, ఫొటోలకు మీద చేతులు వేయడం లేదు. 42 అంగుళాల క్రేట్ (కుక్క పడుకునే బోను) తలుపు తీసే ఉంచి, లోపల గోనె సంచి పరిచాం. రాకీ దాన్ని పట్టించుకోకుండా బాత్‌రూమ్ బండల మీద పడుకుంది. చల్లగా ఉండే చోటు వెతుక్కునే కుక్క అది, క్రేట్ కూడా అక్కడికే జరపాలి. మర్నాడు జరిపాం, సాయంత్రానికల్లా అందులోనే నిద్ర.

నవంబరు 4: డాక్టర్

రక్తపరీక్ష, మల పరీక్ష, చెవులు, పళ్లు, చిప్. 15 అంకెల మైక్రోచిప్ వేయించి, యజమాని ఫోన్ నంబరు నమోదైందో లేదో అక్కడే సరిచూశాం. చిప్ వేయించి నమోదు మర్చిపోతే అది చర్మం కింద గాజు ముక్కే. రేబిస్ టీకా, ఏడు వ్యాధుల టీకా షెల్టర్ కార్డులో ఉన్నాయి, తేదీలు సరిపోయాయి. రేబిస్ సర్టిఫికెట్‌తో జీహెచ్‌ఎంసీ లైసెన్స్ దరఖాస్తు.

ప్లేట్‌లెట్లు 1.1 లక్షలు. ఎర్లికియా పాజిటివ్. మన ఊళ్లలో షెల్టర్ నుంచి వచ్చిన కుక్కలో పిడుదుల జ్వరం కనబడటం వింతేమీ కాదు, పరీక్ష చేయించకపోవడమే తప్పు. ఇంతకీ రాకీ ఆ రెండు రోజులూ 'బుద్ధిగా' ఉన్నది సగం దీనివల్లే. నీరసాన్ని మంచితనం అనుకుని సంబరపడితే మందు పనిచేశాక అసలు కుక్క బయటికొస్తుంది.

డాక్టర్ రాసినది: డాక్సీసైక్లిన్, కిలోకు 10 మి.గ్రా. లెక్కన రోజుకు సుమారు 200 మి.గ్రా., 28 రోజులు. ఖాళీ కడుపున వేస్తే వాంతి. పెరుగన్నంలో పెట్టి మింగించడం మన అలవాటు, ఈ మందుకు అది పనికిరాదు, పెరుగులోని కాల్షియం మందును ఒంటికి పట్టనివ్వదు. ఉడికించిన చికెన్ ముక్కలో పెట్టి వేశాం. వారానికల్లా హుషారు వస్తుంది, అయినా 28 రోజులూ పూర్తి చేయాలి. పిడుదులకు 12 వారాలు పనిచేసే మాత్ర. మాత్ర వేసినా పరుపులు, గోడ పగుళ్లు, కిటికీ మూలలు చూడాలి. పిడుదు బతుకులో ఎక్కువ భాగం కుక్క మీద కాదు, గోడల్లోనే.

షెల్టర్‌తో దత్తత ఒప్పందం ప్రకారం 90 రోజుల్లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించాలి. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉండగా కత్తి పెడితే రక్తం ఆగదు. వాయిదా వేస్తున్నట్టు డాక్టర్ చీటీతో షెల్టర్‌కు తెలియజేశాం.

నవంబరు 5 నుంచి: గిన్నె

లెక్క లక్ష్యపు బరువు మీద: 23 కిలోలకు విశ్రాంతి అవసరం రోజుకు సుమారు 735 కేలరీలు. దాన్ని 1.6తో గుణిస్తే దాదాపు 1,175. మేం వాడిన పొడి తిండిలో 100 గ్రాములకు 370 కేలరీలు, అంటే 318 గ్రాములు. గ్లాసుతో కొలవకుండా వంటింటి తూకం మీద తూచాలి. చూసేవాళ్లకు ఇది తక్కువ అనిపిస్తుంది. సైబీరియాలోని చుక్చీ ప్రజలు ఈ జాతిని తేలికపాటి బరువుతో చాలా దూరం, తక్కువ తిండితో లాగేందుకే పెంచారు. ల్యాబ్రడార్ గిన్నె చూసిన కళ్లతో హస్కీకి పెడితే వదిలేస్తుంది, వదిలేసిందని నెయ్యి వేస్తే రుచి మరుగుతుంది.

మార్పు 9 రోజుల్లో: షెల్టర్ అన్నం-చికెన్ మూడు వంతులు, కొత్తది ఒక వంతు, మూడు రోజులు, సగం సగం మూడు రోజులు, చివరికి పాతది ఒక వంతు, కొత్తది మూడు వంతులు, మూడు రోజులు. ఐదో రోజు విరేచనం పలచబడింది. ఒక మెట్టు వెనక్కి వెళ్లి రెండు రోజులు ఆగాం, కుదురుకుంది. బరువు వారానికి 250 నుంచి 300 గ్రాములు పెరిగితే చాలు. ఉల్లి, వెల్లుల్లి తగిలిన ఏ కూరా, ఏ పులుసూ వద్దు. ద్రాక్ష, చాక్లెట్ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

నవంబరు 18: లాగుడు

బండి లాగడానికి పుట్టిన కుక్క లీష్ లాగుతోందని కోప్పడటంలో అర్థం లేదు. నడకకు, లాగుడుకు వేర్వేరు సామాను పెట్టడం పనిచేసింది. ఛాతీ దగ్గర రింగు ఉన్న హార్నెస్ వేస్తే నడక: లీష్ బిగిస్తే మనిషి చెట్టులా ఆగిపోతాడు, వదులైతే అడుగు పడుతుంది. మోకాలి పక్కన ఉన్నప్పుడు వేరుశనగ గింజంత చికెన్. మొదటి రోజు వంద మీటర్లకు 25 నిమిషాలు పట్టింది. వీపు మీద రింగు ఉన్న వెడల్పు హార్నెస్, నడుముకు బెల్టు, మధ్యలో సాగే తాడు ఉంటే లాగుడు: అప్పుడు ఎంత లాగితే అంత మంచిది. పది రోజుల్లో సామాను చూసే కుక్కకు సంగతి తెలిసిపోయింది. గొలుసు, ముళ్ల బెల్టు వాడలేదు. వాటి నొప్పి ఎదురుగా వస్తున్న వీధికుక్క ఖాతాలో పడుతుంది, తర్వాత ఆ కుక్కను చూడగానే మీదికి దూకడం మొదలవుతుంది.

ఒక ప్రమాదం తప్పింది. టపాకాయ పేలుడుకు రాకీ వెనక్కి గుంజి ముందు హార్నెస్‌లోంచి ఒక కాలు, తల బయటికి తీసేసింది. మార్టింగేల్‌కు ఉన్న రెండో లీష్ పట్టి ఆపింది. హార్నెస్‌లు వెనక్కి గుంజితే ఊడతాయి, పొట్ట చుట్టూ అదనపు పట్టీ ఉన్నవి తప్ప. మరుసటి రోజు ఆ రకానికి మార్చాం, రెండో లీష్ మాత్రం తీయలేదు.

పిలిస్తే రావడం నేర్పాం, దాని మీద ఆధారపడలేదు. 10 మీటర్ల పొడవు తాడు మీద, రోజుకు ఐదు నిమిషాలు, నాలుగు విడతలు. ఇంట్లో పదికి పది, ఖాళీ మైదానంలో పదికి ఏడు, మేక కనిపిస్తే సున్నా. గోడలు లేని చోట హస్కీని వదలకూడదనడానికి ఆ సున్నాయే లెక్క. కొండాపూర్‌లో జీహెచ్‌ఎంసీ 2018లో తెరిచిన 1.3 ఎకరాల డాగ్ పార్క్ లాంటి కంచె ఉన్న చోట్లే తాడు విప్పాలి, అదీ జనం లేని వేళ చూసుకుని.

డిసెంబరు: మంచి నెల, ఊళ నెల

తెల్లవారుజామున 15 డిగ్రీలు. ఈ నెలలో రోజు ఇలా నడిచింది: 5:30కు లాగుడు పరుగు 3 కి.మీ., ముందూ వెనకా పది నిమిషాలు నడక. తిండి పరుగు అయిన గంట తర్వాత. మధ్యాహ్నం ముక్కుతో వెతికే ఆట 15 నిమిషాలు. సాయంత్రం 45 నిమిషాలు వాసనల నడక, తొందర లేదు, ఏ స్తంభం దగ్గర ఎంతసేపైనా. పరుగు దూరం నెలాఖరుకు 5 కి.మీ. అయింది. అక్కడే ఆపాం. ఎందుకంటే హస్కీకి దూరం పెంచితే దమ్ము కూడా పెరుగుతుంది. డిసెంబరులో 12 కి.మీ. పరుగుకు అలవాటు చేసిన కుక్కకు ఏప్రిల్‌లో ఆ 12 ఎక్కడి నుంచి తెస్తారు? చలికాలంలో కాలి బలం కాకుండా ముక్కు పని, ఓపిక పెంచాలి. ఈ డైరీలో ఒక్క ముక్క గుర్తుంచుకోవాలంటే ఇదే.

ఆరో వారం నుంచి ఒంటరిగా వదిలితే ఊళ. కొత్తలో లేదు కదా అంటే, కొత్తలో కుక్కకు ఈ ఇల్లు తనదని తెలియదు. కెమెరా పెట్టి చూశాం. తలుపు మూసిన నాలుగో నిమిషానికి గేటు దగ్గర అటూ ఇటూ తిరగడం, ఏడుకు చొంగ, పన్నెండుకు ఊళ. చొంగ, తిరుగుడు ఉంటే అది విసుగు కాదు, భయం. భయానికి ఎముక ముక్క పనిచేయదు, తిట్లు అసలే పనిచేయవు.

మళ్లీ మొదటి నుంచి. తాళం చెవి చప్పుడు చేసి బయటికి వెళ్లకపోవడం, రోజుకు పదిసార్లు. తర్వాత 20 సెకన్లు, 1 నిమిషం, 40 సెకన్లు, 3 నిమిషాలు, 1 నిమిషం, ఇలా పెంచుతూ మధ్యలో తగ్గిస్తూ. వరసగా పెంచుకుంటూ పోతే కుక్క ఆ వరస పసిగడుతుంది. నియమం ఒక్కటే: తిరుగుడు మొదలయ్యే నిమిషానికి ముందే వెనక్కి రావాలి. 12 నిమిషాల గీత దాటడానికి 16 రోజులు, 40 నిమిషాలకు 5 వారాలు. 40 దాటాక రెండు గంటలకు వెళ్లడం తేలిక. ఆ 5 వారాలూ ఇంట్లో ఎవరో ఒకరు ఉండాల్సిందే, లేదా కూడా తీసుకుపోవాలి. ఉద్యోగాలకు వెళ్లే ఇద్దరూ సెలవులు ముందే కలిపి పెట్టుకోకపోతే ఈ మెట్టు దగ్గర చాలా దత్తతలు వెనక్కి పోతాయి.

ఊళ పూర్తిగా పోదు. అంబులెన్స్ సైరన్‌కు, గుడి మైకులో నాదస్వరానికి రాకీ గొంతు కలుపుతుంది. అది పాట, బాధ కాదు. పక్క ఫ్లాట్ వాళ్లకు తేడా చెప్పి ఉంచాం.

జనవరి: ముక్కు పని, ఇసుక పెట్టె

వెతుకుడు చాప: రంధ్రాలున్న రబ్బరు డోర్‌మ్యాట్ 40×60 సెం.మీ., పాత టీషర్టులు కత్తిరించిన పీలికలు దాదాపు 250, ఒక్కోటి 2.5 సెం.మీ. వెడల్పు, 18 సెం.మీ. పొడవు. ప్రతి రంధ్రంలో దూర్చి ముడి. అందులో 60 గ్రాముల పొడి తిండి గింజలు చల్లితే మొదట 14 నిమిషాలు, రెండు వారాలకు 6. పని తేలికైందంటే మార్చాలి. అట్టపెట్టెలో అట్టపెట్టె, పాత గోనె సంచి చుట్టలు, గదిలో దాచిన అయిదు చిన్న డబ్బాల్లో ఒక్కదాంట్లోనే తిండి. రోజువారీ 318 గ్రాముల్లో సగం ఇలాగే పెట్టాం, గిన్నెలో కాదు. మొదట్లో పీలికలు మింగేస్తుందేమోనని పక్కనే కూర్చోవాలి. గుడ్డ మింగితే పేగు మూసుకుపోయి ఆపరేషన్ దాకా వెళుతుంది.

ఇసుక పెట్టె తప్పింది. హస్కీకి తవ్వుకోవడం ఇష్టమని బాల్కనీలో 120×90 సెం.మీ. పెట్టె చేయించి, 30 సెం.మీ. లోతు ఇసుక పోద్దామనుకున్నాం. లెక్క వేస్తే 0.32 ఘనపు మీటర్లు, పొడి ఇసుకే 500 కిలోలు దాటుతుంది. నివాస బాల్కనీలకు భారతీయ ప్రమాణం తీసుకునే భారం చదరపు మీటరుకు సుమారు 300 కిలోలు. మన పెట్టె 480 దగ్గర. అదీ కుక్క, మనిషి, తడి లెక్కలోకి రాకముందు. పెట్టె ఉంచి ఇసుక మానేశాం, పాత దుప్పట్లు, చింపిన బట్టల ఉండలు నింపాం. తవ్వడం అదే, ఊడ్చే బాధ లేదు. ఇండిపెండెంట్ ఇల్లు ఉన్నవాళ్లు నేల మీద ఇసుకే పోసుకోవచ్చు, కాకపోతే కంచె కింద అడుగున్నర వెడల్పు జాలీని లోపలివైపు పరిచి పూడ్చాలి. లేకపోతే తవ్వుడు కంచె కిందికే.

జనవరి 26: బరువు 22.7 కిలోలు. ప్లేట్‌లెట్లు 2.6 లక్షలు. ఆపరేషన్ ఫిబ్రవరి మొదటి వారంలో జరిగింది. పది రోజులు పరుగు లేదు, కోన్ (కుట్లు నాకకుండా మెడకు పెట్టే గరాటు) పెట్టుకుని చాప మీద ముక్కు పని మాత్రమే. ముక్కు పని ముందే నేర్పినందుకు ఆ పది రోజులు గడిచాయి.

ఫిబ్రవరి: కళ్ల చుట్టూ పొక్కులు

కళ్ల అంచులు, మూతి దగ్గర ఎండిన తెల్లటి పెచ్చులు. గజ్జి అనుకుని నూనె రాయడం మొదట చేసే పొరపాటు. చర్మం గీకి పురుగులకు, శిలీంధ్రానికి చూశారు, రెండూ లేవు. హస్కీలలో కొన్నింటికి పేగుల్లో జింక్ సరిగా ఒంటబట్టదు, ఈ పెచ్చులు దానివి. దర్యాప్తులో తేలిందేమిటంటే రోజూ ఎవరో ఒకరు రెండు గోధుమ రొట్టెలు పెడుతున్నారు. పొట్టు ఉన్న ధాన్యంలోని ఫైటేట్ అనే పదార్థం ఉన్న కాస్త జింక్‌నూ పట్టేసుకుంటుంది. రొట్టెలు బంద్. డాక్టర్ చెప్పిన మోతాదు, రోజుకు కిలో బరువుకు 2–3 మి.గ్రా. జింక్, తిండితో పాటు. ఆరు వారాల్లో తగ్గింది. సొంతంగా పెంచుకుంటూ పోయే మందు కాదు ఇది, ఎక్కువైతే జింక్ విషమే.

మార్చి: ఉన్ని

లోపలి ఉన్ని గుత్తులుగా ఊడిపోయే నెల. వీపు మీద చేయి వేస్తే గుప్పెడు వస్తుంది. ఇక్కడ అందరూ ఇచ్చే సలహా 'గుండు కొట్టించండి, చల్లగా ఉంటుంది'. వద్దు. పై వెంట్రుక ఎండ నేరుగా చర్మానికి తగలకుండా ఆపుతుంది, కత్తిరిస్తే కొన్ని చోట్ల మళ్లీ మొలవదు, మొలిచినా ఉన్నే ముందు మొలిచి ఇంకా వేడి. తీయాల్సింది ఊడిన ఉన్నిని. ఉన్ని పోతే గాలి చర్మం దాకా వెళుతుంది.

పద్ధతి: కుక్కను పక్కకు పడుకోబెట్టి, ఎడమ చేత్తో వెంట్రుకలు పైకి ఎత్తి పాపిడి తీసి, ఆ పాపిడి కింద రెండు అంగుళాలు మాత్రమే లోపలి ఉన్ని తీసే పళ్ల దువ్వెనతో దువ్వాలి. తర్వాత పాపిడి ఒక అంగుళం పైకి. పైపైన దువ్వితే నున్నగా కనిపిస్తుంది, లోపల ఉన్ని జట్టుకట్టి ఉంటుంది. రోజు విడిచి రోజు 25 నిమిషాలు, మూడు వారాలు. ఒకే చోట ఆరేడు సార్లకు మించి గీస్తే చర్మం ఎర్రబడుతుంది. స్నానం ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి చాలు, ఆరబెట్టడమే అసలు పని. వేడి లేని గట్టి గాలి యంత్రంతో 40 నిమిషాలు, చర్మం దాకా. తోక మొదలు, చెవుల వెనక, తొడల వెనక తడి మిగిలితే రెండు రోజుల్లో పచ్చి పుండు.

ఏసీ ఫిల్టర్ పది రోజులకోసారి కడగాలి. మార్చి చివర గది చల్లబడటం లేదని గ్యాస్ అయిపోయిందనుకున్నాం, తీరా చూస్తే ఫిల్టర్ మీద ఇంకో కుక్క ఉంది.

ఏప్రిల్, మే

మధ్యాహ్నం 3 గంటలకు గాలి 40, తారు రోడ్డు 61 డిగ్రీలు, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో. రాత్రి 9కి రోడ్డు ఇంకా 37. తెల్లవారుజామున 4:45కు 29. కాబట్టి రాత్రి నడక రద్దు. చాలామంది చేసే తప్పు ఇక్కడే: సూర్యుడు దిగాడని 7 గంటలకు బయల్దేరతారు, నేల దిగలేదు. థర్మామీటర్ లేకపోతే అరచేతి వెనక భాగం రోడ్డు మీద 7 సెకన్లు ఆనించలేకపోతే వెనక్కి.

4:45 నుంచి 5:30 దాకా నడక, అదీ లాగుడు లేకుండా. పరుగు ఏప్రిల్ 6న ఆగింది. మిగతా రోజంతా ముక్కు, నోరు, మెదడు. లీటరు స్టీలు గిన్నెలో ఉప్పు, ఉల్లి లేని చికెన్ ఉడికించిన నీళ్లు, 40 గ్రాముల గింజలు వేసి గడ్డకట్టించి బాత్‌రూమ్‌లో పెడితే అరగంట. చాప ఆటలు రోజుకు మూడు. తిండి 318 నుంచి 260 గ్రాములకు తగ్గించాం, పని తగ్గింది కాబట్టి. ఆకలి లేదని కంగారు పడలేదు.

ఏసీ 26 మీద, ఫ్యాన్ తోడుగా, 11 నుంచి 6 దాకా. ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ ఏసీకి గంటకు ఒక యూనిట్ అటూ ఇటూ, నెలకు 200 యూనిట్ల పైమాట. దత్తతకు ముందు ఈ లెక్క వేసుకోవాలి. హైదరాబాద్ పొడి ఎండలో ఎయిర్ కూలర్ కూడా బాగా పనిచేస్తుంది, ఉదయం 9 నుంచి 11 దాకా దానితోనే నెట్టుకొచ్చాం. విజయవాడ, విశాఖల్లో ఆ కూలర్ గదిని ఆవిరి పెట్టెగా మారుస్తుంది, అక్కడ ఏసీ తప్ప దారి లేదు. కుక్క చల్లబడేది చెమటతో కాదు, రొప్పుతో. గాలి తడిగా ఉంటే నాలుక మీది తడి ఆరదు. ఒక మోటు లెక్క ఉంది: ఫారెన్‌హీట్ డిగ్రీలు, గాలిలో తేమ శాతం కలిపితే 150 దాటకూడదు. మేలో ఇక్కడ తెల్లవారుజామున 82, 45 కలిపి 127. విశాఖలో అదే వేళ 84, 80 అనుకుంటే 164. అంటే విశాఖ ఉదయం కంటే హైదరాబాద్ ఉదయమే హస్కీకి నయం, మధ్యాహ్నం ఎంత మండినా.

కరెంటు పోతే: ఇంటి యూపీఎస్ ఏసీని మోయదు. ఫ్రిజ్‌లో ఎప్పుడూ రెండు లీటర్ల ఐసు సీసాలు నాలుగు. గ్రానైట్ బండ మీద నీళ్లు చల్లి, పక్కన సీసాలు, టేబుల్ ఫ్యాన్. పొట్ట, చంకలు, పాదాలు తడపాలి. వీపు మీద తడి తువ్వాలు కప్పి వదిలేయకూడదు, అది వేడిని బయటికి పోనివ్వదు.

మే 14: గంటన్నర కరెంటు కోత. రొప్పు పది నిమిషాలైనా తగ్గలేదు, మలద్వారం దగ్గర థర్మామీటర్ 39.9. మామూలు 38.3 నుంచి 39.2. నీళ్లు పోసి ఫ్యాన్ కింద పెట్టాం, 39.4కు రాగానే నీళ్లు ఆపేశాం, అక్కడితో ఆపకపోతే ఇంకా కిందికి జారిపోతుంది. 41 చూపినా, తూలినా, చిగుళ్లు ఇటుక రంగులోకి మారినా, వాంతి, విరేచనం అయినా అది వడదెబ్బ. ముందు ఇంటి దగ్గరే ఒళ్లంతా తడిపి, ఆ తడితోనే ఏసీ కారులో డాక్టర్ దగ్గరికి. తేరుకున్నట్టు కనిపించినా తీసుకెళ్లాలి, మూత్రపిండాల దెబ్బ మర్నాడు బయటపడుతుంది.

జూన్ రెండో వారం

మొదటి వానలు. పగలు 33కు దిగింది, తేమ 75కు ఎక్కింది. కూలర్ తీసి అటక మీద పెట్టాం, ఏసీ ఉంచాం. చల్లబడిందని పరుగు మొదలుపెట్టాలనిపిస్తుంది. ఈ వారం పొద్దున 5కు లెక్క 79, 85 కలిపి 164. నడకే.

గుంటల్లో నీళ్లు తాగనివ్వకుండా నడకకు సొంత సీసా. ఎలుకల మూత్రం కలిసిన వాన నీళ్లతో వచ్చే లెప్టోస్పైరా టీకా ఏడాది తిరిగే తేదీ జులై 9, కార్డు మీద ఎర్ర గీత. పిడుదుల మాత్ర తర్వాతి మోతాదు జూన్ 29. బరువు 22.9. గేటు కింది బందు తుప్పు పట్టి వదులైంది, ఆదివారం వెల్డర్ వస్తాడు. వచ్చినంతసేపూ రాకీ క్రేట్‌లో ఉండాలి.